పెండ్లి తేదీ, పోలింగ్ తేదీ: కరీంనగర్ దగ్గరి ఈ ఫంక్షన్ హాల్ మీద నా మాట

ఈ హాల్‌లో మా పెద్దమ్మాయి పెండ్లి 2023 నవంబరు 24న చేశాం. రెండేళ్ల తర్వాత మనవరాలి మొదటి పుట్టినరోజు కూడా ఇక్కడే చేశాం. రెండుసార్లూ ఓట్ల కాలమే. హాల్ ఎంత పెద్దది, ఏసీ ఎట్లా పనిచేస్తుంది, ఎన్ని కార్లు పడతాయి అన్నవి కింద రాస్తాను. కానీ నేను ఈ హాల్‌కు మార్కులు వేసేది ముందుగా వేరే విషయానికి. వీళ్లు తేదీ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తారు. అడ్వాన్సు చేతిలో పడితే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకునే హాళ్లు మా చుట్టాల పెండ్లిళ్లలో చాలా చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. మొదట్లో ఓపీవోగా (ఇతర పోలింగ్ అధికారి), తర్వాత ఏపీవోగా (సహాయ ప్రిసైడింగ్ అధికారి), ఇప్పుడు పీవోగా (బూత్‌కు బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి) పోలింగ్ డ్యూటీలు చేస్తూనే ఉన్నాను. ఈవీఎం సీలు వేయడం, పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నింపడం నిద్రలో లేపినా చేస్తాను. కానీ ఆ తేదీ అసలు ఎక్కణ్నుంచి వస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. డ్యూటీ ఆర్డర్‌లో ఏ తేదీ ఉంటే ఆ తేదీకి పోయేదాన్ని. నాతో ఆ లెక్క చేయించింది ఈ హాల్ మేనేజరే.

2023 ఆగస్టు 26, శనివారం. ముందురోజే వరలక్ష్మీ వ్రతం అయింది. అయ్యగారు రెండు ముహూర్తాలు రాసిచ్చారు: నవంబరు 24 శుక్రవారం, 29 బుధవారం. రెండూ పగటి ముహూర్తాలే. పిల్లవాడికి పుణేలో ఉద్యోగం, నెలాఖరుకైతే సెలవు దొరుకుతుంది కాబట్టి మా వియ్యంకుల వారికి 29 నచ్చింది. మా సారు, నేను, మా మరిది ముగ్గురం హాల్‌కు వెళ్లి 29 రాసుకోండి అన్నాం.

మేనేజర్ అరవై దాటిన మనిషి. పొడుగాటి రిజిస్టర్ తీశాడు, పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీసుకున్నాడు. "మేడం, ఇది ఓట్ల నెల. ఈ నెలల నేను పెన్నుతోటి రాయ. మీరు రెండు తేదీలు చెప్పుండ్రి, రెండు రాసుకుంట. ఎలక్షన్ తారీఖు వచ్చినంక ఒకటి కొట్టేస్త" అన్నాడు. ఇంకా షెడ్యూల్ రానేలేదు కదా, ఓట్లు నవంబరులోనే అని మీకెట్లా తెలుసని మా మరిది అడిగాడు. అప్పుడు ఆయన రిజిస్టర్ వెనక అట్ట మీద లెక్క చూపించాడు.

అసెంబ్లీ వయసును ఫలితాలు వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టరు, ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజు నుంచీ కాదు. సభ మొదటిసారి కూర్చున్న రోజు నుంచి అయిదేళ్లు. రాజ్యాంగం 172వ అధికరణంలో ఉన్నది ఇదే. మన తెలంగాణలో 2018 డిసెంబరు 11న ఫలితాలు వచ్చాయి గానీ సభ మొదట కూర్చున్నది 2019 జనవరి 17న. అంటే 2024 జనవరి 16తో గడువు అయిపోతుంది. ఆ లోపల కొత్త సభ ఏర్పడాలి. గడువు తీరడానికి ఆరు నెలల కంటే ముందు నోటిఫికేషన్ ఇవ్వడానికి లేదు. కాబట్టి మామూలుగా అయితే ఎప్పుడు పెట్టినా 2023 జులై నడుమ నుంచి 2024 జనవరి నడుమ దాకానే.

అది ఆరు నెలల సందు. అందులోంచి నవంబరును పట్టుకోవడమే ఆయన తెలివి. మనతో పాటు ఇంకో నాలుగు రాష్ట్రాలకు ఎన్నికలు జరగాలి. అందులో మిజోరం గడువు అందరికంటే ముందు, డిసెంబరు 17న తీరుతుంది. ఛత్తీస్‌గఢ్‌ది జనవరి 3, మధ్యప్రదేశ్‌ది జనవరి 6, రాజస్థాన్‌ది జనవరి 14. ఎన్నికల సంఘం వీటన్నింటినీ ఒకే షెడ్యూల్‌లో కలిపి లెక్కింపు దాదాపు ఒకేసారి పెడుతుంది, ఎందుకంటే ఒక రాష్ట్రం ఫలితం ఇంకో రాష్ట్రం ఓటు మీద పడకూడదు. అంటే మిజోరం గడువే అందరి గడువు అయినట్టు. డిసెంబరు మొదట్లో లెక్కింపు, నవంబరంతా పోలింగ్. 2018లో కూడా అంతే, మనకు డిసెంబరు 7న పోలింగ్, 11న లెక్కింపు. ఆ ఏడు సెప్టెంబరు 6న సభ రద్దయి మన ఎన్నికలు లోక్‌సభ నుంచి విడిపోయి ఈ గుంపులో కలిశాయి. అంతకుముందు మన హాళ్లకు ఓట్ల గొడవ ఎండాకాలంలో ఉండేది, ఇప్పుడు కార్తీకానికి వచ్చిందని ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుంది.

నలభై వేల అడ్వాన్సు కట్టాం. రసీదు వెనక ఆయనే రాసిచ్చాడు: పోలింగ్ గానీ లెక్కింపు గానీ పెండ్లి రోజునైనా, దానికి ఒక రోజు అటూ ఇటూ పడినా, రెండో తేదీకి మార్చుకోవచ్చు, ఒక్క రూపాయి అదనంగా తీసుకోం, షెడ్యూల్ వచ్చిన వారంలోగా చెప్పాలి. రెండు తేదీలూ మా పేరుమీద ఆగాయి. పెండ్లిళ్ల నెలలో ఒక శుక్రవారాన్ని ఊరికే ఆపిపెట్టడమంటే హాల్‌వాళ్లకు నష్టం ఉండొచ్చని తెలిసీ చేశారు.

అక్టోబరు 9న ఢిల్లీలో షెడ్యూల్ ప్రకటించారు. నేను స్కూల్లో ఉన్నాను. స్టాఫ్‌రూమ్‌లో ఒక సారు ఫోన్ చూసి "మనది నవంబరు 30, లెక్కింపు డిసెంబరు 3" అన్నాడు. నాకు ముందు ప్రాణం కుదుటపడింది. 29 కదా మాది, 30 కాదు కదా అనుకున్నాను. వియ్యపురాలు కూడా ఫోన్ చేసి "వదినా, ముందురోజే కదా, ఏం కాదు" అంది.

సాయంత్రం మేనేజర్ ఫోన్. "మేడం, 29 వద్దు. టీచర్ అయి ఉండి మీకు తెల్వదా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. పోలింగ్‌కు ముందురోజు పొద్దున్నే మేం డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌కు పోవాలి. మిషన్లు తీసుకుని, సామాను సరిచూసుకుని, బస్సెక్కి బూత్‌కు చేరి రాత్రి అక్కడే పడుకోవాలి. నేను, మా అన్నయ్య, వదిన, మా చిన్నాన్న కొడుకు, ఇంట్లో నలుగురం టీచర్లమే. సొంత బిడ్డ పెండ్లి అని శుభలేఖ పెట్టి దరఖాస్తు చేస్తే నాకు మినహాయింపు ఇస్తారేమో, మేనమామకూ మేనత్తకూ ఎవరిస్తారు? మేనమామ బుట్టలో పెట్టి తేకుండా పెండ్లి ఎట్లా?

ఇంకా ఉంది. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మందు అమ్మకూడదు, పంచకూడదు. అది దుకాణాలకే కాదు, ప్రైవేటు చోట్లకు కూడా వర్తిస్తుంది. 28 సాయంత్రం అయిదు నుంచి 30 సాయంత్రం అయిదు దాకా. మా వైపు పెండ్లంటే దావత్ లేకుండా జరగదు, ఆ తగాదా ఎవరు పడాలి? అన్నింటికంటే పెద్దది బస్సులు. ఎన్నికల పనికి వాహనాలను తీసుకునే అధికారం ప్రభుత్వానికి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షన్‌లోనే ఉంది. 29న ఆర్టీసీ బస్సులు, స్కూల్ బస్సులు పోలింగ్ సిబ్బందిని మోస్తుంటాయి. కోరుట్ల నుంచి రావాల్సిన వియ్యాలవారికి రెండు బస్సులు ఎక్కడ తేవాలి? "29 నాడు బస్సు దొరకది, పోలీసు దొరకడు, మీ సార్లు దొరకరు" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చాడు.

ఇక్కడే మా ఇంట్లో రెండు రోజులు పెద్ద చర్చ. అక్టోబరు 11న ఎన్నికల సంఘం రాజస్థాన్ పోలింగ్‌ను నవంబరు 23 నుంచి 25కు మార్చింది. కారణం పెండ్లిళ్లే. 23న దేవ్‌ఉఠనీ ఏకాదశి, మన ఉత్థాన ఏకాదశి. ఆ రోజున అక్కడ ఊరూరా పెండ్లిళ్లు. జనం పెండ్లిళ్లలో ఉంటారు, బండ్లు దొరకవు, ఓటు శాతం పడిపోతుందని పార్టీలు, సంఘాలు అర్జీలు పెట్టుకుంటే మార్చారు. ఆ వార్త చూసి మా మరిది "వాళ్లది మార్చినప్పుడు మనది మార్చరా? పది రోజులు ఆగుదాం" అని పట్టుపట్టాడు. వియ్యంకుడికీ అదే ఆశ.

నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. అప్పటికే మొత్తం కార్యక్రమం బయటికి వచ్చింది. నవంబరు 3న నోటిఫికేషన్. చట్టం 30వ సెక్షన్ ప్రకారం నామినేషన్లకు ఆఖరు నోటిఫికేషన్ తర్వాత ఏడో రోజు, అంటే 10. మర్నాడు పరిశీలన జరగాలి, కానీ 11 రెండో శనివారం, 12 ఆదివారం, అందుకే 13. పరిశీలన తర్వాత రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు, 15. ఆ తర్వాత కనీసం పద్నాలుగో రోజు వచ్చేదాకా పోలింగ్ పెట్టడానికి లేదు. పదిహేనూ పద్నాలుగూ ఇరవై తొమ్మిది. అంటే ఆ నోటిఫికేషన్‌తో చట్టం ఒప్పుకునే మొట్టమొదటి పోలింగ్ రోజు సరిగ్గా మా అమ్మాయి ముహూర్తం రోజే! ఎన్నికల సంఘం దానికి ఒక్కరోజు కలిపి 30 పెట్టింది. 29 కంటే ముందు పెట్టాలంటే నోటిఫికేషన్ దగ్గర నుంచి మొత్తం జరగాలి. 30 తర్వాతకు జరిపితే డిసెంబరు 3 లెక్కింపును తాకుతుంది, ఆ లెక్కింపు మిగతా నాలుగు రాష్ట్రాలతో ముడిపడి ఉంది. రాజస్థాన్‌లో 23కూ లెక్కింపుకూ మధ్య పది రోజుల ఖాళీ ఉంది కాబట్టి రెండు రోజులు జరిపినా ఏదీ కదల్లేదు. మనకు ఆ ఖాళీ లేదు. పైగా అక్కడ ఆ ఒక్క రోజున రాష్ట్రమంతా పెండ్లిళ్లు. ఇక్కడ ముహూర్తాలు నెలంతా పరుచుకున్నాయి.

ఈ లెక్క మరిదికి చూపించాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. 12న హాల్‌కు ఫోన్ చేసి 24 ఖాయం చేశాం. పుణే పిల్లవాడు సెలవు సర్దుకున్నాడు. మేనేజర్ ఆ సాయంత్రమే 29 పెన్సిల్ గీత చెరిపేసి, 24ను పెన్నుతో రాసి ఫోటో తీసి పంపాడు.

తేదీ మారుతుందా మారదా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసింది ఇక్కడే రాస్తాను, పెండ్లి పెట్టుకునే వాళ్లకు పనికొస్తుంది. మారుతుంది. షెడ్యూల్ ప్రకటనకూ నోటిఫికేషన్‌కూ మధ్య ఉన్న రోజుల్లో మార్చడం తేలిక. 2022లో పంజాబ్ పోలింగ్ గురు రవిదాస్ జయంతి కోసం ఫిబ్రవరి 14 నుంచి 20కి జరిగింది. 2024లో హర్యానాది బిష్ణోయిల పండుగ కోసం అక్టోబరు 1 నుంచి 5కు జరిగింది, దాంతో జమ్మూ కశ్మీర్ లెక్కింపు కూడా 4 నుంచి 8కి పోయింది. నోటిఫికేషన్ తర్వాత కూడా మారిన సందర్భాలున్నాయి: 2024లోనే అనంతనాగ్-రాజౌరీ లోక్‌సభ పోలింగ్ మే 7 నుంచి 25కు పోయింది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థి చనిపోతే ఆ ఒక్క నియోజకవర్గంలో ఆగుతుంది. మేం పెండ్లి చేసిన ఆ నవంబరులోనే రాజస్థాన్ కరణ్‌పుర్‌లో అట్లా ఆగి 2024 జనవరి 5న పోలింగ్ జరిగింది. 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు మే 23, 26 పోలింగ్‌లను జూన్ 12, 15కు జరిపారు. ఇవన్నీ రోజులు, వారాల జరుగుడే. గడువు దాటి సభను కొనసాగించడం మాత్రం వేరే కథ, దానికి అత్యవసర పరిస్థితి ఉండాలి, పార్లమెంటు చట్టం చేయాలి, అదీ ఒక్కో విడతకు ఒక్క ఏడాదే. 1976లో లోక్‌సభకు అట్లా చేశారు.

ఇక పెండ్లి రోజు. ఎన్నికల కోడ్ అక్టోబరు 9 నుంచే ఉంది కాబట్టి 24కు మార్చినంత మాత్రాన ఇబ్బందులు పోలేదు. యాభై వేలకు మించి నగదు తీసుకుపోతే కాగితాలు చూపాలి. వంటమాస్టర్‌కు, బ్యాండుకు, పూలకు ఇవ్వడానికి లక్షా ఎనభై వేలు బ్యాంకులో తీశాం. హాల్‌వాళ్లు ముందే చెప్పారు: విత్‌డ్రా స్లిప్పు, శుభలేఖ, హాల్ రసీదు మూడూ ఒకే కవర్లో పెట్టుకోండి, డబ్బు తెచ్చే మనిషి దగ్గరే ఆ కవరు ఉండాలి. రసీదు మూడు కాపీలు సంతకం పెట్టి ఇచ్చారు. చెక్‌పోస్టు దగ్గర మా సారును ఆపారు, కవరు చూశారు, అయిదు నిమిషాల్లో వదిలేశారు. ఆ సలహా లేకపోతే ఆ రోజు ఆయన తిరగాల్సింది, పట్టుకున్న డబ్బు వెనక్కి ఇప్పించే జిల్లా గ్రీవెన్స్ కమిటీ చుట్టూ.

పదకొండు గంటలకు ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చింది. ఇద్దరు ఉద్యోగులు, ఒక కానిస్టేబుల్, ఒక కెమెరా అబ్బాయి. పెండ్లి పేరుతో పార్టీలు భోజనాలు పెడుతున్నాయేమో చూడటానికి. మేనేజర్ గేటు దగ్గరే నిలబడి బుకింగ్ రిజిస్టర్, శుభలేఖ చూపించి, వాళ్లను పక్క మెట్ల మీదుగా డైనింగ్ హాల్‌కు తీసుకుపోయి చూపించి పంపాడు. జీలకర్ర బెల్లం పెడుతున్న వేళ అది. మండపం దగ్గర ఒక్కరికి కూడా తెలియలేదు, నాకే సాయంత్రం చెప్పాడు. కాసేపటికి ఒక అభ్యర్థి మనుషులతో వచ్చాడు, మా మామగారి తరఫు పరిచయం. గేటు దగ్గర మేనేజర్ దండం పెట్టి, "సార్, కండువాలు బండ్ల పెట్టి రాండ్రి, అక్షింతలేసి పోండ్రి" అన్నాడట. వాళ్లూ అట్లాగే వచ్చి, అక్షింతలు వేసి, ఫోటో దిగి వెళ్లారు. ఇంకో పార్టీ అభ్యర్థి వచ్చినా అదే మాట చెప్పాడు. ఈ పనికి నేను ఆయనకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. ప్రభుత్వ ఉద్యోగిని నేను, కోడ్ కాలంలో నా బిడ్డ మండపం మీద పార్టీ కండువా ఉన్న వీడియో ఒకటి తిరిగితే దానికి జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

హాల్ సంగతి. అద్దె లక్షా పది వేలు, రెండు పూటలకు. శుభ్రం చేసినందుకు ఏడు వేలు. కరెంటు మీటరు చూసి బిల్లు, ముందురోజు సాయంత్రం రీడింగ్ మనల్ని పిలిచి చూపిస్తారు. జనరేటర్ గంటకు పద్దెనిమిది వందలు. మాకు నలభై నిమిషాలే నడిచింది, గంట లెక్క కట్టారు, అది నాకు నచ్చలేదు. ఏడు వందల మందికి సరిపోయే మండపం హాల్, ఒక బంతికి రెండు వందల మంది కూర్చునే భోజనాల హాల్. మధ్యలో గోడ ఉండటం వల్ల మైకు చప్పుడు తినేవాళ్ల మీద పడదు, పెద్దవాళ్లు నెమ్మదిగా మాట్లాడుకుంటూ తినగలరు. వంటవాళ్లు మనవాళ్లే తెచ్చుకోవచ్చు, వంటింట్లో మూడు పెద్ద పొయ్యిలు, నీళ్లకు కొదవ లేదు. బగారా అన్నం గుండిగలు లోపలి నుంచి నేరుగా బంతి దగ్గరికి తోసుకొచ్చే వాలుదారి కట్టారు, దాన్ని మా వంటమాస్టర్ చాలా మెచ్చుకున్నాడు.

బాగాలేనివి: డెకరేషన్ వాళ్ల మనిషికే ఇవ్వాలి, బయటివాళ్లను రానివ్వరు, దానికి బయట కంటే ఎక్కువే పడింది. పెండ్లికూతురి గదిలో అద్దం మీద లైటు ఒక పక్కే ఉంది, మేకప్ అమ్మాయి కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుంది. పార్కింగ్ అరవై కార్లకు సరిపోతుంది, తర్వాత వచ్చినవన్నీ రోడ్డు మీదే. చేతులు కడుక్కునే చోట కాలువ వాలు సరిగ్గా లేక నీళ్లు నిలుస్తాయి, పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడాలి.

బరాత్‌కు డీజే వద్దన్నారు. పోలీసు పర్మిషన్ లేకుండా హాల్ ముందు నుంచి కదలనివ్వం అని బుకింగ్ రోజే రాయించారు. పిల్లలు అలిగారు, బ్యాండుతో సరిపెట్టుకున్నాం. పది గంటలకల్లా అంతా ముగిసింది.

అయిదు రోజుల తర్వాత, 29న, చేతుల పసుపు ఇంకా పూర్తిగా పోకముందే డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో లైన్లో నిలబడి కంట్రోల్ యూనిట్ తీసుకున్నాను. అన్నయ్యది వేరే మండలం. ఆ రోజు మధ్యాహ్నం పదకొండున్నరకు, అనుకున్న ముహూర్తం వేళకు, నేను బ్యాలెట్ యూనిట్ నంబర్లు సరిచూస్తున్నాను.

ఆ తర్వాత ఈ లెక్క నాకు అలవాటైపోయింది. 2024 మార్చి 16న లోక్‌సభ షెడ్యూల్ వచ్చినప్పుడు మా నాలుగో విడతను అదే కాగితం మీద వేశాను. ఏప్రిల్ 18 నోటిఫికేషన్, 25 నామినేషన్లకు ఆఖరు, 26 పరిశీలన, 28 ఆదివారం కాబట్టి ఉపసంహరణ 29. పద్నాలుగు కలిపితే మే 13. సరిగ్గా ఆ రోజే పెట్టారు, ఒక్కరోజు కూడా ఎక్కువ లేదు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి కూడా అదే రోజు. తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్నే లెక్కగా ఇచ్చాను, బాగా చేశారు.

రెండోసారి మాత్రం ఆ లెక్క పనిచేయలేదు, ఆ సంగతీ హాల్‌వాళ్లే ముందు చెప్పారు. మనవరాలి పుట్టినరోజు డిసెంబరు 12. 2025 సెప్టెంబరులోనే అడిగాను. "పంచాయతీ ఓట్లది నా లెక్కకు అందది మేడం" అన్నాడు మేనేజర్. నిజమే. అవి పెట్టేది ఢిల్లీ సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. సర్పంచ్ స్థానాల రిజర్వేషన్లు ప్రభుత్వం తేల్చి ఇస్తే తప్ప తేదీ పడదు. రాజ్యాంగం 243ఇ పంచాయతీలకూ అయిదేళ్లే అంటుంది, గడువు తీరకముందే ఎన్నిక జరగాలంటుంది. కానీ మా పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి 1తో తీరింది, తర్వాత ప్రత్యేకాధికారుల పాలనే. సెప్టెంబరు 29న షెడ్యూల్ వచ్చింది, అక్టోబరు 9న బీసీ రిజర్వేషన్ల జీవో మీద హైకోర్టు స్టే ఇచ్చింది, ఎన్నికలు ఆగిపోయాయి. ఆఖరుకు డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగాయి. అసెంబ్లీ గడువు ఒక్కరోజు దాటనివ్వని దేశంలో ఊరి పంచాయతీ దాదాపు రెండేళ్లు సర్పంచ్ లేకుండా ఉండటం నాకు చాలా బాధ అనిపించింది. మా స్కూల్ గోడ కూలితే అడగడానికి ఊళ్లో ఒక ఎన్నికైన మనిషి లేని రోజులవి. రిజర్వేషన్ తగాదా ఎవరి వైపు న్యాయమైనా, ఆ పని గడువుకు ఏడాది ముందే మొదలుపెట్టాల్సింది.

12 శుక్రవారం. మొదటి విడత అయిన మర్నాడు. నాకు రెండో విడత డ్యూటీ, అంటే 13న మళ్లీ సామాను తీసుకోవాలి. కొత్త షెడ్యూల్ వచ్చిన రోజే హాల్ నుంచి ఫోన్ వచ్చింది: మొదటి విడత లెక్కింపు 11 మధ్యాహ్నం రెండు నుంచి మొదలవుతుంది, గెలిచినవాళ్ల ఊరేగింపులు ఆ రాత్రికి అయిపోతాయి, 12 సాయంత్రం చిన్న హాల్ తీసుకోండి, ఏడున్నరకల్లా భోజనాలు మొదలుపెట్టండి అని. చిన్న హాల్‌కు ముప్పై అయిదు వేలే తీసుకున్నారు. నూట యాభై మంది వచ్చారు. తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉన్నాను, పొద్దున అయిదింటికి లేచి డ్యూటీకి పోయాను.

ఈసారి జనరేటర్‌ను నిమిషాల లెక్కన కట్టారు. అద్దం లైటు కూడా మార్చారు. అందుకే అప్పుడు అయిదుకు మూడున్నర అనుకున్నది ఇప్పుడు నాలుగు ఇస్తున్నాను.

బుక్ చేసుకునే వాళ్లకు ఒక్క మాట. ఇప్పటి అసెంబ్లీ మొదట కూర్చున్నది 2023 డిసెంబరు 9న, కాబట్టి గడువు 2028 డిసెంబరు 8. లోక్‌సభకూ అసెంబ్లీలకూ ఒకేసారి ఎన్నికలు పెట్టే బిల్లు 2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. అది చట్టమైతే ఈ లెక్కలు మళ్లీ వేసుకోవాలి. లేకపోతే 2028 ఆశ్వయుజం, కార్తీకం ఓట్ల నెలలే. మా చిన్నమ్మాయి ఇప్పుడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఎప్పుడు కుదిరినా సరే, రసీదు వెనక రెండో తేదీ రాయించుకున్నాకే అడ్వాన్సు ఇస్తాను. మీరూ అడగండి, వీళ్లు కాదనరు.

చేతులు కడిగే చోట కాలువ మాత్రం 2025 డిసెంబరులో కూడా అట్లాగే ఉంది.